పడమటి కిటికీకి నా చేతి బ్లైండ్లు: ఏడు ఎండాకాలాల తర్వాత

మాది విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటు. పడమటి గదిలో పక్కపక్కనే రెండు కిటికీలు, ఒక్కోటీ 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. వాటి కిందే నా కుట్టుమిషను. మామూలు కర్టెన్లు ఉన్నన్నాళ్లూ ఫ్యాను గాలికి అవి ఎగిరొచ్చి నేను కుట్టే బట్టమీద పడేవి. విసుగొచ్చి 2019 మార్చిలో లైనింగు వేసి రోమన్ బ్లైండ్లు కుట్టుకున్నాను. తాడు లాగితే కిందినుంచి మడతలు మడతలుగా పైకి లేచే రకం. ఈ వేసవితో వాటికి 7 ఎండాకాలాలు. కుట్టిన వారానికే రాసి ఉంటే ఇందులో సగం తప్పు రాసేదాన్ని.

పైగుడ్డ పెడన కలంకారీ, 44 అంగుళాల పన్నా. లైనింగు ఇక్కడి బట్టల మార్కెట్టు వస్త్రలతలో కొన్న కోరా గుడ్డ. అసలు లైనింగు ఎందుకు, దండగ కదా అని మా అత్తయ్య అడిగారు. కలంకారీని ఒంటిగా కిటికీకి అడ్డం పట్టి చూపించాను. వెలుతురు వెనకనుంచి రావడంతో ఎరుపు, నీలం అన్నీ వెలిసిపోయి పువ్వులు మసక నీడల్లా కనబడ్డాయి. వెనక కోరా గుడ్డ పట్టగానే అద్దకం మళ్లీ అద్దకంలా కనబడింది. "ఓహో, చీరకి లోపల లంగా లాంటిదన్నమాట" అన్నారు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

కొలతలు ఒక్కసారి అర్థమైతే చాలు. గోడమీద బ్లైండ్ పొడవు 55 అంగుళాలు, వెడల్పు 40. మడతలకి 4 కడ్డీలు. 55లో 1 తీసేసి, మిగిలిన 54ని 9తో (కడ్డీకి రెండు భాగాల చొప్పున 8, అడుగున ఇంకొకటి) భాగిస్తే 6 వస్తుంది. అడుగునుంచి 6 అంగుళాల దగ్గర మొదటి కడ్డీ, అక్కణ్నుంచి 12కి ఒకటి చొప్పున మిగతా మూడు, పైన 13 మిగులుతుంది. ఆ అదనపు అంగుళం లేకపోతే పైకి లాగినప్పుడు మడతలన్నీ పైన బ్లైండ్‌ని తగిలించే చెక్క పట్టీకి గుద్దుకుని ఉబ్బెత్తుగా నిలబడతాయి. పైగుడ్డ 43 అంగుళాల వెడల్పు కత్తిరించి రెండు పక్కలా ఒకటిన్నర మడిచాను. లైనింగు మాత్రం పూర్తయ్యాక 39 ఉండాలి, అంటే ముందునుంచి చూస్తే దాని అంచు కనబడకూడదు. కడ్డీలు దూర్చే గొట్టాలు లైనింగులోనే చిటికెడు మడిచి కుడతాం కాబట్టి ఒక్కో గొట్టం ఒకటిన్నర అంగుళం గుడ్డ తినేస్తుంది. నాలుగింటికి 6 అంగుళాలు. మొదటిసారి ఈ లెక్క మరిచి కత్తిరించాను, అడుగున అతుకు పడింది. ఆ అతుకు ఇప్పటికీ ఉంది, బయట కాకులు తప్ప ఎవరూ చూడరు.

అసలు తప్పు అది కాదు. కలంకారీ రంగు ఎక్కడ కారుతుందోనని దాన్ని రెండుసార్లు తడిపి ఆరేశాను. కోరా గుడ్డని మాత్రం తెచ్చింది తెచ్చినట్టే కత్తిరించాను, వెనక వేసేదే కదా అని. పైగా రెండూ ఎదురెదురు పెట్టి దిండు గలీబులా చుట్టూ మిషను కుట్టు వేసి తిరగేశాను. పండక్కి మొదటిసారి ఉతికితే లైనింగు పొట్టిదైపోయింది, పైగుడ్డ బోర్లించిన గిన్నెలా ముందుకి ఉబ్బింది. ఎంత ఇస్త్రీ చేసినా దిగలేదు. చుట్టూ కుట్లు విప్పడానికి రెండు రోజులు పట్టింది. విప్పాక లైనింగు అంచుల్ని చేత్తో హెమ్మింగ్ చేసి, కడ్డీల దగ్గర మాత్రం తాడు దూరే రింగు ఉన్నచోట రెండు పోగులు పట్టేలా ఒక కుట్టు వేశాను. అప్పట్నుంచి అదే పద్ధతి. బ్లైండ్‌కి చేతి కుట్టు పాతకాలపు చాదస్తం అనుకునేదాన్ని. లైనింగు మార్చాల్సిన రోజు వచ్చాక ఆ మాట మానేశాను.

కడ్డీల కథ ఇంకోటి. హార్డ్‌వేరు కొట్టతను 4 మిల్లీమీటర్ల ఇనుప ఊచలు కోసి ఇచ్చాడు, చవక, తిన్నగా ఉన్నాయి, నేనూ సంతోషించాను. తలుపులు తీసి ఉన్న ఒక వానాకాలం సాయంత్రం జల్లు లోపలికి కొట్టింది. కొన్ని వారాలకి లైనింగుమీద గోధుమరంగు గీతలు, అక్కడితో ఆగక పైగుడ్డమీద నల్లటి గీతలు. తుప్పు మరక గోధుమరంగు కదా, నలుపెందుకయింది? కలంకారీ గుడ్డని ముందు కరక్కాయ రసంలో నానబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లు ఆ గుడ్డమీద పడితేనే అద్దకంలో నల్లరంగు వస్తుంది. నా ఊచలు సరిగ్గా అదే పని చేశాయి. పెడనలో అద్దకం వేసేవాళ్లు కావాలని చేసేదాన్ని నేను తెలియక చేశాను, అదీ అడ్డగీతల్లో. ఉతికినా పోదు, పోకూడదనే కదా వాళ్లు ఆ రంగు వాడేది. అడుగు గీతమీద నల్ల పట్టీ కుట్టి డిజైనులా నమ్మించాను. ఇప్పుడు ఫైబర్ కడ్డీలు, అడుగున అల్యూమినియం పట్టీ. ఆరేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు.

2021లో పడకగదికి మూడోది కుట్టాను, మావారి రాత్రి డ్యూటీల కోసం. దీనికి బ్లాకవుట్ లైనింగు. గుడ్డమీద తెల్లపూత, దానిమీద నల్లపూత, మళ్లీ తెల్లపూత. చీకటి విషయంలో తిరుగులేదు, మధ్యాహ్నం రెండింటికి కూడా లైటు వేసుకోవాలి. కుట్టేటప్పుడు మాత్రం ఏడిపిస్తుంది. పూత, గుడ్డని అదిమిపట్టే మిషను ఫుట్టుకి అతుక్కుని ముందుకి కదలదు. టెఫ్లాన్ ఫుట్టు తెచ్చి, 14 నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచాక దారికొచ్చింది. గుండుసూదులు గుచ్చితే ఆ రంధ్రాలు మళ్లీ పూడవు, క్లిప్పులే పెట్టుకోవాలి. కడ్డీ గొట్టాల కుట్టు వెంబడి సూది పోట్లన్నీ పగలు చుక్కల్లా మెరుస్తాయి. మావారు వాటిని లెక్కపెడుతూ నిద్రపోతానంటారు. నాలుగేళ్లకి పూత మడతల దగ్గర పగిలి పొడిలా రాలడం మొదలైంది. ఇస్త్రీ పెట్టె వేడికి కరిగేలా ఉంటుంది కాబట్టి మడతలు సరిచేసే దారీ లేదు. నిద్ర అవసరం లేని గదికి దీన్ని నేను చెప్పను.

వేడి సంగతి దాచకుండా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అందుకే అడుగుతారు. ఎండ మొహంమీద కొట్టడం ఆగుతుంది, మిషను ఇనుము కాలడం ఆగుతుంది. కానీ రోహిణీ కార్తెలో గది చల్లబడుతుందని ఆశపడొద్దు. ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక గుడ్డని తాకుతుంది, ఆ వేడిలో ఎక్కువ భాగం గదిలోనే మిగులుతుంది. తెల్ల లైనింగు కొంత వెలుతురుని వెనక్కి తిప్పి పంపుతుంది, అంతే. మా అమ్మమ్మగారి ఇంట్లో వట్టివేళ్ల తడికలు వసారాకి బయట కట్టేవారు, లోపల కాదు. ఆ తెలివి నాకు మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది. 2022లో గ్రిల్లుకి బయట ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టించాం. తేడా అసలు అప్పుడే తెలిసింది.

తాళ్ల గురించి ఒక్కమాట, ఇది మాత్రం వదలకండి. బ్లైండ్ తాళ్లు మెడకి చుట్టుకుని పసిపిల్లలు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. అమెరికాలో 2018 చివరినుంచి దుకాణాల్లో సిద్ధంగా అమ్మే బ్లైండ్లకి పిల్లలకి అందేలా తాళ్లు వేలాడకూడదన్న ప్రమాణం వచ్చింది. అక్కడున్న మా చెల్లెలు తన కొడుకుతో సెలవులకి వస్తూ ఫోనులో మొదట అడిగింది దీని గురించే. తాళ్ల చివర్లు కలిపి ముడి వేయలేదు, ఉచ్చు అయ్యేది ఏదీ లేకుండా విడివిడిగా వదిలాను. చుట్టే కొక్కేన్ని నేలకి 5 అడుగుల పైన బిగించాను. వాళ్లున్న నెలా బ్లైండ్లు విప్పి బీరువాలో పెట్టేశాను కూడా.

విప్పడం తేలికే, పైన వెల్క్రో ఉంది కాబట్టి. మెత్తటి వైపు బ్లైండ్‌కి కుట్టాను, గరుకు వైపు చెక్క పట్టీకి స్టేపుల్స్ కొట్టాం. ఆ ఒక్క ఖర్చూ చేయకపోతే ఇవి ఏడేళ్లు ఉండేవి కావు, మురికి పట్టి ఎప్పుడో బయటికి పోయేవి. ఎందుకంటే సగం లేపి వదిలేసిన మడతల్లో దుమ్ము కూర్చుంటుంది. ఒకసారి విప్పితే మడతలోంచి రెండు బల్లి గుడ్లు దొర్లాయి. నెలల తరబడి ఒకే ఎత్తులో ఉంచితే లైనింగు చారలు చారలుగా పసుపెక్కుతుంది, మడత బయటికున్నంత మేర.

కోరా లైనింగు నిరుడు వేసవిలో చివికింది. ఎండ తగిలే మడతల దగ్గర వేలు పెడితే చిరిగేంతగా. పైగుడ్డ చూస్తే పసుపు కాస్త వెలిసింది గానీ ఎరుపు, నలుపు అలాగే ఉన్నాయి. దండగ అనుకున్న గుడ్డే ఎండంతా తను మోసింది. ఒక్కో బ్లైండ్‌కి అప్పట్లో 1,100 రూపాయల దాకా అయ్యాయి, కొత్త లైనింగుకి ఇప్పుడు అందులో మూడోవంతు కూడా కాదు. మళ్లీ కుడతారా అంటే, పడమటి గదికి కుడతాను. హాలుకి కుట్టను, రోజుకి పదిసార్లు తీసి వేసే కిటికీకి తాళ్లు లాగుతూ కూర్చోలేం, అక్కడ కర్టెనే సుఖం.

మొదటిదాని పాత లైనింగు నిన్న విప్పేశాను, చేతి కుట్లు కాబట్టి గంట పట్టింది. కొత్త గుడ్డ 2 మీటర్లు బకెట్లో నానుతోంది. ఈ పూట ఆరేసి, రేపు ఇంకోసారి తడిపి ఆరేశాకే కత్తెర పట్టేది.