హెచ్5పీతో చిన్న పాఠాలు: యూనిట్‌కి భేష్, కోర్సు భారం దాని నెత్తిన పెట్టొద్దు

ఐదు నిమిషాల్లో ముగిసే పాఠాలతో కోర్సు కట్టాలనుకునేవాళ్లలో చాలామంది ముందుగా పట్టుకునేది హెచ్5పీనే. ప్రశ్నలు, వీడియోలతో ఇంటరాక్టివ్ పాఠాలు తయారుచేసే సాధనం ఇది. ఉచితం, ఓపెన్ సోర్స్, సైట్లూ ఆన్‌లైన్ కోర్సులూ నడిపే వర్డ్‌ప్రెస్, మూడుల్, డ్రూపల్ మూడింట్లోనూ నడుస్తుంది, కోడ్ రాయనక్కర్లేదు. చాలాకాలంగా దీంతో యూనిట్లు చేస్తూ, దాని చుట్టూ సాఫ్ట్‌వేర్ కూడా రాస్తూ వచ్చాక నా అభిప్రాయం ఇది: ఒక యూనిట్ లోపల జరగాల్సింది హెచ్5పీ చక్కగా చూసుకుంటుంది. ఏ యూనిట్ తర్వాత ఏది, నేర్చుకున్నది మర్చిపోయేలోపు మళ్లీ ఎప్పుడు చూపాలి అన్నది మాత్రం దానికి పట్టదు. ఆ పని కూడా దానిచేతే చేయించబోతేనే చిక్కులన్నీ మొదలవుతాయి.

కంటెంట్ రకాలు పదుల కొద్దీ ఉన్నా, చిన్న యూనిట్‌కి అక్కరకొచ్చేవి ఐదారే. మల్టిపుల్ చాయిస్, ఫిల్ ఇన్ ద బ్లాంక్స్, డ్రాగ్ ద వర్డ్స్, డైలాగ్ కార్డ్స్ (తిప్పి జవాబు చూసే కార్డులు), వీటిని ఒకదాని కింద ఒకటి పేర్చే కాలమ్. వీడియో తప్పనిసరైతే ఇంటరాక్టివ్ వీడియో. నేను పాటించే కొలత: యూనిట్‌కి ఒకే లక్ష్యం, 120 నుంచి 150 పదాల వివరణ, ఒక బొమ్మ లేదా 90 సెకన్లు దాటని వీడియో, మూడు ప్రశ్నలు. నాలుగో ప్రశ్న కావాలనిపించిందంటే ఆ యూనిట్‌లో రెండు లక్ష్యాలు ఇరుక్కుని ఉన్నాయన్నమాట. దాన్ని రెండు చేయడమే మందు.

కోర్స్ ప్రెజెంటేషన్ జోలికి వెళ్లొద్దనే చెబుతాను, ముఖ్యంగా నేర్చుకునేవాళ్లు ఫోన్ల మీద ఉంటే. స్లయిడ్‌ల తయారీ అలవాటున్నవాళ్లకి అది చూడగానే నచ్చుతుంది. కానీ దాని స్లయిడ్ దాదాపు 2:1 నిష్పత్తిలో బిగించి ఉంటుంది. 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్‌ని నిలువుగా పట్టుకుంటే స్లయిడ్‌కి దక్కే ఎత్తు సుమారు 180 పిక్సెళ్లు. అక్షరాలూ అదే లెక్కన కుంచించుకుపోతాయి. లాటిన్ లిపి ఎలాగో చదవగలిగినా, ఒత్తులూ గుణింతాలూ ఉన్న తెలుగు ముద్దలా కనిపిస్తుంది. కాలమ్‌లో ఈ బాధ లేదు, తెర వెడల్పుని బట్టి పాఠం సర్దుకుంటుంది. డ్రాగ్ అండ్ డ్రాప్‌దీ ఇదే తంతు: ఎడిటర్‌లో పని చేసే చోటు మామూలుగా 620 బై 310. ఫోన్‌లో అది దాదాపు సగానికి పడిపోతుంది, వదలాల్సిన గళ్లు వేలి కింద దాక్కుంటాయి. బొమ్మ మీద భాగాలు గుర్తించే ప్రశ్న అయితే తప్ప, మిగతా అన్నిటికీ డ్రాగ్ ద వర్డ్స్ చాలు.

తెలుగులో ఖాళీలు పూరించే ప్రశ్నలు

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే తెలుగులో పాఠాలు చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సమాధానాన్ని రెండు నక్షత్రం గుర్తుల మధ్య పెడతాం. గీటు పెట్టి ప్రత్యామ్నాయం, కోలన్ పెట్టి సూచన ఇస్తాం. ఇలా: మొక్కలు *కిరణజన్య సంయోగక్రియ/ఫోటోసింథసిస్:సూర్యకాంతితో జరిగేది* ద్వారా ఆహారం తయారుచేసుకుంటాయి. బాగానే ఉంది. కానీ సమాధానమే భిన్నం అయితే? 3/4 అని నేరుగా రాస్తే, 3 అన్నా ఒప్పే, 4 అన్నా ఒప్పే. 10:30 అని రాస్తే సమాధానం 10, సూచన 30 అవుతుంది. భిన్నాలు, గడియారపు వేళలు, నిష్పత్తులు ఉన్నచోట మల్టిపుల్ చాయిస్‌కి మారిపోవడమే క్షేమం.

అసలు చిక్కు చిన్న అక్షరదోషాల్ని మన్నించే సెట్టింగుది. మూడు నుంచి తొమ్మిది అక్షరాల పదంలో ఒక తప్పుని, తొమ్మిది దాటితే రెండు తప్పుల్ని అది వదిలేస్తుంది. ఆ లెక్క మన కంటికి కనిపించే అక్షరాలది కాదు, కంప్యూటర్ లోపలి కోడ్‌లది. తెలుగులో హల్లుకి ఒక కోడ్, గుణింతపు గుర్తుకి ఇంకొకటి, ఒత్తు రావాలంటే నడుమ పొల్లు మరొకటి. ‘పాలు’ నాలుగు కోడ్‌లు. ఒక్క గుర్తు మారితే ‘పూలు’. సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అది అక్షరదోషం ఖాతాలో పడి ఒప్పయిపోతుంది. ‘మేక’ అడిగితే ‘మేకు’ అని కొట్టినా అంతే. తెలుగు సమాధానాలకి ఈ సెట్టింగ్ ఆపేసి, రాగల రూపాలన్నీ గీటు పెట్టి మనమే రాయాలి.

దీనికి తోడు కనపడని అక్షరాలు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట కింద వ ఒత్తు పడకుండా ఆపేది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతటవే వేస్తాయి, కొన్ని వేయవు. అది ఉన్న మాట, లేని మాట పోలికలో రెండు వేర్వేరు మాటలు. ఐత్వం సంగతి ఇంకా మాయ: ఒకే కోడ్‌గానూ ఉండొచ్చు, ఎత్వపు గుర్తూ కింది గుర్తూ కలిసిన రెండు కోడ్‌లుగానూ ఉండొచ్చు, చూపుకి మాత్రం తేడా ఉండదు. ప్రశ్నలు ఎక్కించేముందు పాఠాన్నంతా ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్‌కి (ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకే కోడ్ రూపంలో ఉంచే యూనికోడ్ పద్ధతి) మార్చుకుంటే రెండోది తీరుతుంది. మొదటిదానికి రెండు రూపాలూ ఇచ్చుకోవడం తప్ప దారి లేదు. సమాధానం కచ్చితంగా రాసి ఉంది, అయినా తప్పు పడుతోంది అని ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సినవి ఈ రెండే.

మార్కులు ఎక్కడికి పోతాయి

హెచ్5పీ ఎక్స్ఏపీఐ స్టేట్‌మెంట్లు (ఎవరు ఏ ప్రశ్నకి ఏం చేశారో చెప్పే ప్రామాణిక సందేశాలు) తయారుచేస్తుంది, కానీ వాటిని ఎక్కడికీ పంపదు. ఎక్స్‌టర్నల్ డిస్పాచర్ ద్వారా పేజీ లోపల ఒక జావాస్క్రిప్ట్ ఈవెంట్‌గా వదులుతుంది, అంతే. దాన్ని వినే కోడ్ పేజీలో లేకపోతే గాల్లో కలిసిపోతుంది. వర్డ్‌ప్రెస్ ప్లగిన్ తుది మార్కులనీ పట్టిన సమయాన్నీ దాచుకుంటుంది గానీ, అదే మనిషి మళ్లీ చేస్తే పాత వరుస మీదే కొత్తది రాస్తుంది. అంటే ఎవరు ఎన్నిసార్లు తడబడి నేర్చుకున్నారన్న చరిత్ర, చిన్న యూనిట్ల చదువుకి అతి ముఖ్యమైనది, దక్కదు.

వినే కోడ్ రాసేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త కావాలి. క్వశ్చన్ సెట్‌లో ప్రతి ప్రశ్నా ‘ఆన్సర్డ్’ అనే స్టేట్‌మెంట్ పంపుతుంది, చివర సెట్ మొత్తానికి ‘కంప్లీటెడ్’ వస్తుంది. రెండిటినీ కూడితే మార్కులు రెట్టింపవుతాయి. పిల్ల స్టేట్‌మెంట్లలో, అంటే విడి ప్రశ్నలవాటిలో, పేరెంట్ ఏ సెట్టో రాసి ఉంటుంది, దాన్ని చూసి వేరుచేయాలి. రెండోది రీట్రై బటన్. చెక్ నొక్కిన ప్రతిసారీ కొత్త స్టేట్‌మెంట్ పుడుతుంది. చివరిది గానీ అన్నిట్లో మంచిది గానీ తీసుకుంటే అందరికీ నూటికి నూరు వస్తాయి, ఎందుకంటే షో సొల్యూషన్ నొక్కి, చూసి, మళ్లీ కొట్టొచ్చు. జ్ఞాపకం ఎంతుందో తెలిపేది మొదటి జవాబు ఒక్కటే.

పాఠం వేరే సైట్‌లో ఐఫ్రేమ్‌గా (పేజీ లోపల ఇంకో పేజీగా) పొదిగితే ఈ ఈవెంట్లు బయటి పేజీకి అందవు, బ్రౌజర్ భద్రతా నియమం అడ్డొస్తుంది. పేజీల మధ్య సందేశాలు పంపే పోస్ట్‌మెసేజ్‌తో మనమే దాటించాలి. అలా పొదిగిన పేజీలో ఎత్తుని సర్దే రీసైజర్ స్క్రిప్ట్ కూడా ఉండాలి, లేకపోతే ఎత్తు బిగుసుకుపోయి లోపల ఇంకో స్క్రోల్‌బార్ మొలుస్తుంది. మూసి ఉన్న ట్యాబ్‌లోనో అకార్డియన్‌లోనో పెట్టిన పాఠం తెరిచేసరికి చిన్న చారలా కనిపిస్తే కారణం ఒకటే: లోడయినప్పుడు దాని వెడల్పు సున్నా. ట్యాబ్ తెరిచిన క్షణాన విండోకి రీసైజ్ ఈవెంట్ పంపితే సర్దుకుంటుంది.

ఇంకో సంగతి. సరైన జవాబులన్నీ బ్రౌజర్‌లోకే దిగుతాయి, పేజీ సోర్స్ తెరిస్తే దొరికిపోతాయి. రీయూజ్ బటన్ తెరిచి ఉంచితే ఆ కష్టం కూడా అక్కర్లేదు, ఫైల్ మొత్తం దింపుకోవచ్చు. అభ్యాసానికి దీనివల్ల నష్టం లేదు. సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షకి మాత్రం హెచ్5పీ పనికిరాదు, ఎన్ని సెట్టింగులు బిగించినా సరే.

మళ్లీ చూపించే పని మనదే

డైలాగ్ కార్డ్స్‌లో కార్డులు తిరిగి చూపే ఏర్పాటు ఉంది గానీ, ఈ ప్రశ్న ఆరు రోజుల తర్వాత ఈ మనిషికి రావాలి అని అది నిర్ణయించదు. అది లేని చిన్న పాఠం ఉత్త చిన్న పాఠమే, వారం తిరక్కుండా మరుపున పడుతుంది. కాబట్టి బయట ఒక పలచని పొర కట్టాలి. ఒక టేబుల్ చాలు: మనిషి, ప్రశ్న, వ్యవధి, సులువు గుణకం, మళ్లీ రావాల్సిన తేదీ.

ఆ లెక్కకి, మళ్లీ చూపే విరామాల్ని నిర్ణయించే 1987 నాటి ఎస్ఎం-2 పద్ధతి ఇప్పటికీ సరిపోతుంది. మొదటి విరామం 1 రోజు, రెండోది 6 రోజులు, ఆ తర్వాత పాత విరామాన్ని గుణకంతో హెచ్చిస్తారు. గుణకం 2.5తో మొదలవుతుంది, 1.3 కంటే దిగదు. అన్నీ సాఫీగా సాగితే 1, 6, 15, 38 రోజులు. జవాబుకి 0 నుంచి 5 దాకా గ్రేడ్ ఇవ్వాలి. 4 వస్తే గుణకం కదలదు, 3 అయితే 0.14 తగ్గుతుంది, 3 కంటే తక్కువైతే మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. హెచ్5పీ మనకిచ్చేది ఒప్పా తప్పా అన్నదే కాబట్టి నేను ఇలా కలుపుతాను: మొదటి జవాబు ఒప్పయితే 4, ఒప్పే అయినా మామూలు కంటే బాగా ఆలస్యమైతే 3, తప్పయితే 1. 5 ఎవరికీ ఇవ్వను, మల్టిపుల్ చాయిస్‌లో ఊహతో తగిలిన జవాబు కూడా ఉంటుంది గనక. ఆప్షన్ల వరుస ప్రతిసారీ మారేలా పెట్టడం మరవొద్దు, లేకపోతే జనం జవాబుని కాక దాని చోటుని గుర్తుపెట్టుకుంటారు.

ఈ పొర పనిచేయాలంటే ప్రశ్నని విడిగా పిలవగలగాలి. క్వశ్చన్ సెట్ లోపల పాతిపెట్టిన ప్రశ్నని ఒంటరిగా బయటికి లాగలేం. అందుకే తిరిగి అడగాల్సిన ప్రతి ప్రశ్ననీ వేరే కంటెంట్‌గా చేస్తాను, వివరణ ఉన్న కాలమ్‌ని వేరే. ఖర్చు ఉంది: ఒక్కో ఐఫ్రేమ్ తన లైబ్రరీల్ని తానే లోడ్ చేసుకుంటుంది, ఒకే పేజీలో పది పెడితే పాత ఫోన్లు మూలుగుతాయి. ఒకసారికి ఒక్కటే చూపాలి. సైట్ మార్చినప్పుడు హెచ్5పీ ఇచ్చే అంతర్గత నంబరు మారిపోతుంది కాబట్టి ప్రతి ప్రశ్నకీ మన సొంత కోడ్ ఉండాలి, టేబుల్ ఆ కోడ్‌నే వాడాలి.

రోజు ఎప్పుడు మారుతుందన్నదీ ముందే తేల్చుకోవాలి. సర్వర్ సమయం ప్రకారం మారిస్తే, అర్ధరాత్రి దాటాక చదివేవాళ్లకి ఇప్పుడే చేసిన ప్రశ్నలు వెంటనే తిరిగొస్తాయి. అంకీ అనే ఫ్లాష్‌కార్డ్ యాప్ వాళ్లు డిఫాల్ట్‌గా తెల్లవారుజామున 4 గంటలకి రోజు మారుస్తారు. మనిషి ఉన్నచోటి సమయంలో ఆ లెక్కే తీసుకోవచ్చు. వారం రాని మనిషికి 200 ప్రశ్నలు ఒక్కసారి చూపితే మళ్లీ రాడు. రోజుకి 20 లేదా 30 దగ్గర ఆపి, తక్కువ వ్యవధి ఉన్నవాటిని ముందు పెట్టాలి, త్వరగా చెదిరేవి అవే.

నెట్ తెగినప్పుడు జవాబులు పోకుండా బ్రౌజర్‌లోని ఇండెక్స్‌డ్‌డీబీ అనే నిల్వలో వరుస కట్టి తర్వాత పంపాలి. అలా పంపేటప్పుడు ప్రతి స్టేట్‌మెంట్‌కీ పుట్టిన క్షణంలోనే ఒక యూయూఐడీ (ఇంకెక్కడా రాని గుర్తింపు సంఖ్య) వేయాలి. లేకపోతే రెండోసారి పంపినప్పుడు సర్వర్ దాన్ని కొత్త జవాబనుకుంటుంది. పాత ఈ-లెర్నింగ్ ప్రమాణమైన స్కార్మ్ 1.2 మాత్రమే తెలిసిన ఎల్ఎంఎస్‌లో (కోర్సులు నడిపే వ్యవస్థలో) ఈ షెడ్యూల్‌ని, ఆగినచోటు గుర్తుంచుకునే సస్పెండ్ డేటాలో దాచుకుందామనే ఆశ వద్దు. దాని హద్దు 4096 అక్షరాలు, నిండిపోయాక ఏమవుతుందో ఒక్కో ఎల్ఎంఎస్‌లో ఒక్కోలా ఉంటుంది.

అప్‌డేట్లు, ఫైళ్లు

హెచ్5పీ ఫైలంటే పేరు మార్చిన జిప్. విప్పితే పైన హెచ్5పీ.జేసన్, కంటెంట్ ఫోల్డర్‌లో కంటెంట్.జేసన్, పక్కన లైబ్రరీలు. వందల ప్రశ్నల్లో ఒకే మాట మార్చాలంటే ఎడిటర్‌లో కూర్చోవడం కంటే ఈ జేసన్‌ని స్క్రిప్ట్‌తో మార్చడం హాయి. తిరిగి జిప్ చేసేటప్పుడు ఫోల్డర్‌ని కాదు, లోపలి ఫైళ్లని ఎంచుకోవాలి. హెచ్5పీ.జేసన్ పైవరుసలో లేకపోతే అప్‌లోడ్ తిరస్కరిస్తుంది. 

వీడియో ఉన్న ఫైల్ ఎక్కకపోతే ముందు సర్వర్‌లోని పీహెచ్‌పీ హద్దులు చూడాలి. అప్‌లోడ్ పరిమితి డిఫాల్ట్‌గా 2 ఎంబీ, పోస్ట్ పరిమితి 8 ఎంబీ. మొదటిదొక్కటే పెంచితే చాలదు, రెండోది దానికంటే ఎక్కువ ఉండాలి.

పాఠం మధ్యలో ఆగినచోటి నుంచి కొనసాగించే సెట్టింగ్ వర్డ్‌ప్రెస్‌లో విడిగా ఆన్ చేయాలి. మామూలుగా 30 సెకన్లకోసారి దాచుతుంది. ఈలోగా మనం ఒక్క అచ్చుతప్పు దిద్దినా, సగంలో ఉన్నవాళ్లకి కంటెంట్ మారింది, మొదటి నుంచి చేయండి అన్న సందేశం వస్తుంది. మూడు ప్రశ్నల యూనిట్‌లో అదేమంత నష్టం కాదు, నలభై ప్రశ్నల ఇంటరాక్టివ్ బుక్‌లో తిట్లు తినాల్సొస్తుంది. లైబ్రరీ వెర్షన్ పెద్దగా మారినప్పుడు పాత కంటెంట్‌ని విడిగా అప్‌గ్రేడ్ చేయాలి. ఆ పని సర్వర్‌లో కాదు, అడ్మిన్ బ్రౌజర్‌లో నడుస్తుంది. వేల సంఖ్యలో ఉంటే ట్యాబ్ మూయకుండా, ల్యాప్‌టాప్ నిద్రలోకి జారకుండా చూసుకోవాలి. ముందు పరీక్ష సైట్‌లో నడిపి, ఫోన్‌లో పదిపన్నెండు ప్రశ్నలు తెరిచి చూసి, ఆ తర్వాతే అసలు సైట్‌లో చేయండి.