ఓటరు సేవల వెబ్‌సైట్: ఫలితాల రోజు తిట్టుకునేవాళ్లు ముందే తెరవాల్సింది

ఎన్నికల సంఘం ఓటరు సేవల వెబ్‌సైట్‌కు నేనిచ్చే మార్కులు 5కి 4. దాన్ని తెరవని మా అపార్ట్‌మెంట్ వాళ్లకు ఎన్నివ్వాలో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.

మాది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ చౌరస్తా ప్రాంతం. దేశంలో ఈవీఎంలు తయారుచేసేవి రెండే సంస్థలు, అందులో ఒకటైన ఈసీఐఎల్ మా పక్కనే. ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఇక్కడ ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ‘మిషన్లు మార్చేశారు’, ‘ఓట్లు గల్లంతు చేశారు’ అనే మాటే. వారం తిరక్కుండా అందరూ మర్చిపోతారు.

ఆ వెబ్‌సైట్‌లో ఓటరు కార్డు మీదుండే ఎపిక్ నంబర్ కొడితే మన పోలింగ్ కేంద్రం, పార్ట్ నంబర్, వరుస సంఖ్య వస్తాయి. కార్డు లేకపోతే పేరు, వయసుతోనూ వెతకొచ్చు. అంతకంటే పనికొచ్చేది బూత్ జాబితా మొత్తం డౌన్‌లోడ్ చేసుకునే వీలు. మా బ్లాక్ ఉన్న పేజీలు ప్రింట్ తీసి, ఒక్కో పేరుకూ పెన్సిల్‌తో టిక్ పెట్టుకుంటూ చూశాను. ఎప్పుడో పోయిన పెద్దాయన పేరు అలాగే ఉంది. పేరు తీసేయమని ఇంట్లోవాళ్లు ఫారం-7 పెట్టలేదు. రెండో అంతస్తు టీచరమ్మ ఓటు ఇంకా పాత ఇంటి అడ్రసులోనే ఉంది. అడ్రసు మార్చమని ఆవిడ ఫారం-8 పెట్టలేదు. దొంగ ఓట్లకు దారి ఇక్కడే దొరుకుతుంది కదా!

ఒక మార్కు ఎందుకు కోశానంటే, ఆ పీడీఎఫ్‌లో అక్షరాలు ఫొటోలా ఉంటాయి, పేరు కొట్టి వెతకలేం. వెతకడానికి వీలైన రూపంలో ఇవ్వాలని కోర్టుకు వెళ్తే 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇది మారాలి.

ఆ పేజీలు అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే బొటనవేళ్లు చాలానే వచ్చాయి, మనుషులు రాలేదు. పై ఫ్లోర్ అంకుల్ ‘ఏం చేస్తామమ్మా, అంతా పైవాళ్ల చేతుల్లోనే ఉంది’ అన్నారు. ఫలితాల రాత్రి అదే గ్రూపులో ‘మోసం’ అని అందరికంటే ఎక్కువ మెసేజ్‌లు పెట్టింది ఆయనే. నాకు నిజంగా బాధేసింది.

2018 డిసెంబర్ 7న, తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల రోజు, పోలింగ్ కేంద్రానికి వెళ్లాక పేరు లేదని తెలిసినవాళ్లు ఈ నగరంలో ఎంతోమంది. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా తన పేరు కనిపించలేదని బయటికే చెప్పారు. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు. అయితే నామినేషన్ల గడువు దాటాక జాబితాలో పేరు చేర్చరు, ఆ రోజు ఎంత అరిచినా లాభం లేదు.

ఇక మిషన్ల సంగతి. 2010లో మన హైదరాబాద్ పరిశోధకుడు హరి ప్రసాద్ ఈవీఎంలో ఉన్న లోపాలను బయటపెట్టారు, ఆ మిషన్‌ను దొంగిలించారన్న ఆరోపణతో అరెస్టయ్యారు. మిషన్ పక్కన ఓటు చీటీ చూపే వీవీప్యాట్ పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది 2013లో, అదీ ఒకరు పట్టుబట్టి కేసు నడిపితేనే. ఇప్పుడు ఆ చీటీ అద్దం వెనక 7 సెకన్లు కనిపిస్తుంది. వేసిన గుర్తు కాకుండా వేరేది కనిపిస్తే అక్కడే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. అబద్ధమని తేలితే శిక్ష ఉంటుందన్న నిబంధన వల్ల జనం జంకుతారు, అది నాకూ నచ్చదు. కానీ జాబితా చూసుకోవడానికి జంకెందుకు? పైసా ఖర్చు లేదు.

మా బ్లాక్ వాళ్లకు: ఆదివారం సాయంత్రం సెల్లార్‌లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాను. ఎపిక్ కార్డు, ఇల్లు మారినవాళ్లు కరెంటు బిల్లు తెచ్చుకోండి. రాలేనివాళ్లు ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసి అడగండి.