ఏడు క్లబ్బుల గోల్ఫ్ హాఫ్ సెట్టు: 9 ఐరన్‌కీ శాండ్ వెడ్జికీ మధ్య గండి

గోల్ఫ్ హాఫ్ సెట్టులో ఉండే క్లబ్బులు, అంటే కొట్టే కర్రలు, ఇవి: డ్రైవరు, 5 వుడ్, 5 హైబ్రిడ్, 7 ఐరన్, 9 ఐరన్, శాండ్ వెడ్జి, పటర్. సన్నటి పెన్సిల్ బ్యాగుతో కలిపి నాలుగు కిలోలకు అటూ ఇటూ. నిండు బ్యాగైతే పది కిలోలకు తగ్గదు. 18 హోళ్ల ఆటకి తాడేపల్లిగూడెంలో రత్నాచల్ ఎక్కి విశాఖ వెళ్లేవాళ్లకి ఈ తేడా భుజానికే తెలుస్తుంది. సామాన్ల అరలో పొడుగ్గా పడుకోబెడితే పక్కవాళ్లతో గొడవ ఉండదు.

రూల్సుకీ ఇబ్బంది లేదు. 14 క్లబ్బులు అనేది పైహద్దు మాత్రమే. అమెరికాలో 1938లో పెట్టారు, మరుసటి ఏడాది బ్రిటన్‌లో రూల్సు చూసే ఆర్ అండ్ ఏ వాళ్లూ పెట్టారు. ఏడు క్లబ్బులతో మొదలుపెట్టి మధ్యలో చేర్చుకోవచ్చు కూడా, తోటి ఆటగాడి బ్యాగులోంచి తీసుకోనంతవరకు.

అసలు చిక్కు లాఫ్టుల దగ్గర, అంటే క్లబ్బు ముఖం వెనక్కి వాలిన కోణం దగ్గర. 7 ఐరన్ 32 డిగ్రీలు, 9 ఐరన్ 41, శాండ్ వెడ్జి 56. మొదటి రెండింటి మధ్య తొమ్మిది డిగ్రీలే కాబట్టి 7ని అంగుళం కిందకి పట్టుకుంటే మధ్య దూరాలకి సరిపోతుంది. తర్వాతది పదిహేను డిగ్రీల గండి. 9తో 110 గజాలు కొట్టేవాళ్లకి శాండ్ వెడ్జి 70 దాటడం కష్టం. 90 గజాల్లో బంతి ఆగిందా, 9ని సగం ఊపుతో కొట్టాలి. చాలామంది పూర్తిగా ఎత్తి, బంతి దగ్గరకొచ్చేసరికి చెయ్యి వెనక్కి లాగుతారు. క్లబ్బు బంతికి రెండంగుళాల ముందే నేలలో దిగబడుతుంది. ఎత్తడమే నడుం దాకా ఎత్తి, ఆపకుండా కొట్టెయ్యాలి.

అంతకన్నా డ్రైవరు ఇంట్లో వదిలేసి 46 డిగ్రీల పిచింగ్ వెడ్జి పెట్టుకోవడం మేలు. టీ మీద, అంటే హోలు మొదటి దెబ్బకి, 5 వుడ్ చాలు. కంపెనీవాళ్లకి పెట్టెలో డ్రైవరు లేకపోతే అమ్ముడుపోదన్న బెంగ కాబోలు!

శాండ్ వెడ్జి బౌన్స్, అంటే అడుగుభాగం ముందంచుకన్నా కిందకి దిగి ఉండే కోణం, 12 డిగ్రీలు. లంకల్లో ఇసుక తిన్నెల మీద సాధన చేస్తే హాయిగా జారుతుంది, వానాకాలం రేగడి బురదలోనూ కూరుకుపోదు. వేసవిలో నెర్రెలిచ్చిన నేల మీద మాత్రం క్లబ్బు అడుగుభాగం ఎగిరి ముందంచు బంతి నడుముకి తగులుతుంది. బంతి గ్రీను (గుంత ఉండే నున్నటి పచ్చిక) దాటి పోతుంది. అక్కడ 9తో చిప్ చేసుకోవాలి, అంటే బంతి కాస్త లేచి దొర్లేలా చిన్నగా కొట్టాలి.

ఐరన్లవి స్టీలు షాఫ్టులు. మన ఉప్పుగాలికి తుప్పు మొదట పట్టేది గ్రిప్పు కింది అంచు దగ్గరే. తడిస్తే పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క రాయాలి. గ్రిప్పుకి మాత్రం అంటనివ్వద్దు.