చిన్న కాలేజీలో నాలుగేళ్ల తాల్ముద్ చదువు: నా అనుభవం

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూనే, ఒక చిన్న కాలేజీలో తాల్ముద్, అంటే యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం, ప్రధాన సబ్జెక్టుగా నాలుగేళ్లలో మాస్టర్స్ పూర్తి చేశాను. మా బ్యాచ్‌లో తొమ్మిది మందిమి. యూదు కుటుంబం నుంచి రానిదాన్ని నేనొక్కదాన్నే. మన దేశంలో ఎంఏ సంస్కృతం చదివాను కదా, మూలం, వ్యాఖ్యానం నాకు కొత్త కాదన్న ధైర్యంతో చేరాను.

మొదటి రోజు పేజీ తెరిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నడుమ మిష్నా, అంటే ధర్మశాస్త్ర మూలం, దాని మీద చర్చ గెమారా. ఒక పక్క 11వ శతాబ్దపు ఫ్రాన్సులో రాషీ రాసిన వ్యాఖ్య, రెండో పక్క ఆయన మనవలూ వాళ్ల తర్వాతివాళ్లూ రాసిన తోసఫోత్ అనే వ్యాఖ్యలు. మల్లినాథుడు పక్కన లేకుండా కాళిదాసును చదవడం ఎంత కష్టమో, రాషీ లేకుండా గెమారా అంత కష్టం. పైగా కామాలు, ప్రశ్నార్థకాలు ఉండవు. ఏది ప్రశ్నో ఏది జవాబో చదివే గొంతే చెప్పాలి. అందుకే అందరూ ఒక రాగంతో పైకి చదువుతారు. ఆ రాగం పట్టుబడ్డాకే నాకు అర్థం కూడా పట్టుబడింది.

ఈ చదువుకు ప్రాణం హవ్రూతా, అంటే ఇద్దరు జోడీగా కూర్చుని చదవడం. లెక్చర్ గంటన్నర ఉంటే, దానికి ముందు మూడు గంటలు జోడీతోనే. తాల్ముద్‌లో బావా మెత్సియా అనే భాగం 21వ ఆకు దగ్గర మేం రెండు వారాలు ఆగిపోయాం. ఒకరి డబ్బు దారిలో పడిపోయింది, ఆ సంగతి అతనికి ఇంకా తెలియదు. తెలిస్తే ఎలాగూ ఆశ వదులుకుంటాడు. మరి ఈలోపే దొరికినవాడు అది ఉంచుకోవచ్చా? గెమారాలోని ఇద్దరు పండితుల్లో కూడదంటాడు అబయే, పర్వాలేదంటాడు రావా. నేను రావా పక్షం, నా జోడీ అబయే పక్షం. ఒక సాయంత్రం ఆవిడ పుస్తకం మీద వేలు పెట్టి, "అతను ఇంకా వదులుకోలేదు కదా, నువ్వెవరు అతని తరఫున వదులుకోవడానికి?" అంది. నా దగ్గర జవాబు లేదు. చివరికి తాల్ముద్ నిర్ణయం కూడా అబయే పక్షమే. నాలుగేళ్ల ఫీజుకు ఆ ఒక్క సాయంత్రం చాలనిపించింది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. భాష రాకపోయినా పర్వాలేదని చేరేటప్పుడు చెప్పారు. అది నిజం కాదు. హీబ్రూ కొంచెం వచ్చినా, గెమారా భాష అరామిక్ రాకపోతే మొదటి ఏడాదంతా డిక్షనరీతోనే సరిపోతుంది. ఒక ప్రొఫెసర్ సెలవు పెడితే ఆ కోర్సు సెమిస్టర్ పాటు ఆగిపోయింది, ఆయన స్థానంలో ఇంకొకరు లేరు. తర్వాత వేరే యూనివర్సిటీలో చేరబోతే నా క్రెడిట్లలో సగం ఒప్పుకోలేదు. గుర్తింపు సంగతి ముందే రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగం కోసమైతే ఈ డిగ్రీ వద్దు.

రబ్బీ స్టైన్‌సాల్ట్స్ తాల్ముద్ ఇంగ్లీష్ అనువాదం 2017 నుంచి సెఫారియా వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతోంది. మంచి పని, నేనూ వాడాను. కానీ జోడీతో కుస్తీ పట్టాకే తెరవండి. ముందే చూస్తే ప్రశ్న పుట్టకముందే జవాబు తెలిసిపోతుంది, ఇక వాదించడానికి ఏమీ మిగలదు.

మేం చదివిన బాబిలోనియా తాల్ముద్ మొత్తం 2,711 ఆకులు. రోజుకొకటి చొప్పున ఏడున్నరేళ్లలో ముగించేవాళ్లున్నారు. మేం నాలుగేళ్లలో లోతుగా చదివింది నూరు కూడా ఉండవు. చివరి సెమిస్టర్‌లో తాల్ముద్‌లోని మక్కోత్ అనే చిన్న గ్రంథం పూర్తయింది. గ్రంథం ముగిస్తే హద్రాన్ చదవడం ఆనవాయితీ. మళ్లీ నీ దగ్గరికి వస్తాం, నువ్వూ మా దగ్గరికి రా అని ఆ గ్రంథంతోనే చెప్పే మాట. నేనూ నా జోడీ గట్టిగా చదివాం, నా గొంతు వణికింది. ఆవిడ ఇప్పుడు వేరే ఊళ్లో ఉంటోంది. ఆదివారం సాయంత్రాలు ఫోన్‌లో బావా మెత్సియా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం.