సౌత్ సీ అన్నారు, చెరువు ముత్యం అంటగట్టారు: పాతబస్తీలో రెండు రోజులు

మొన్న శుక్రవారం పాతబస్తీలో ఒక్క ముత్యానికి 7,200 రూపాయలు పోసి వచ్చాను. సౌత్ సీ, అంటే ఉప్పు సముద్రంలో పెరిగే ఖరీదైన ముత్యం అని చెప్పి అమ్మారు. ఆ ముత్యం నకిలీది కాదు. అదే నా కడుపుమంట. నకిలీదైతే అక్కడే గొడవ పెట్టుకునేదాన్ని.

నేను విజయవాడలో ఇంటి దగ్గరే వెండి తీగతో లోలాకులు, లాకెట్లు చేసి అమ్ముతుంటాను. మనవాళ్లు ఆణిముత్యం అని మెచ్చుకునేది గుండ్రంగా, నున్నగా ఉండేదాన్ని. నాకు కావలసినవి సరిగ్గా దానికి ఎదురు: బరోక్ ముత్యాలు, అంటే వంకరవి. తోక ఉన్నవి, పూరేకులా పలచనివి, ఒక పక్క నొక్కుకుపోయినవి. ఇందులో ఏ రెండూ ఒకేలా ఉండవు కాబట్టి ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఫోటో ఒకటి, వచ్చేది ఇంకొకటి. చేత్తో ఏరుకోవాల్సిందే అని బయలుదేరాను.

రైలు ప్రయాణం హాయిగా సాగింది. హనుమకొండ నుంచి వదిన వచ్చి సికింద్రాబాద్‌లో కలిసింది. చార్మినార్ బస్సులో తను తెలంగాణ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంది, నాకు 40 కొట్టారు. ఆ 40 గురించి రెండు రోజులూ ఏడిపించింది.

నాంపల్లి దగ్గర లాడ్జి యాప్‌లో 1,450. కౌంటర్ దగ్గర అడ్వాన్స్ 500 అన్నారు, ఏసీ రిమోట్‌కి ఇంకో 300. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు దాకా, అదీ బకెట్‌తో మనమే తెచ్చుకోవాలి. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ, చెయ్యి చాపితే తగులుతుంది. కిటికీ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ గదిలోకి పగటి వెలుతురు అన్నదే రాదు. దానివల్ల నాకు ఒక రాత్రి వృథా అయింది.

వదినకి సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా విగ్రహం చూడాలని కోరిక. శుక్రవారం మ్యూజియానికి సెలవని ఇద్దరికీ గుర్తులేదు. గేటు దగ్గర నుంచే ఆమె మొహం మాడిపోయింది. ఆ మొహంతోనే పత్తర్‌గట్టి వైపు నడిచి, అద్దాల తలుపులున్న పెద్ద షాపులోకి వెళ్లాం.

లోపల పసుపు లైట్లు. ఆ లైట్ల కింద శనగగింజ పెట్టినా మెరుస్తుంది. సేల్స్‌మాన్ ముందు నిజాం కథ ఎత్తుకున్నాడు, బస్రా ముత్యాలు, అంటే గల్ఫ్ సముద్రంలో సహజంగా దొరికిన పాతకాలపు ముత్యాలు అన్నాడు. నిజాం నగలు 1995లో కేంద్రం 218 కోట్లకు కొన్నది, అవి రిజర్వ్ బ్యాంక్ లాకర్లలో ఉన్నాయి. ఈ కౌంటర్ మీదికి వచ్చేవేమీ కావు. ఇప్పుడు హైదరాబాద్‌లో దండలుగా వేలాడేవాటిలో ఎక్కువ భాగం చైనాలో మంచినీటి ఆల్చిప్పల్లో పెంచినవి. ఇక్కడ చిల్లులు వేస్తారు, ఏరుతారు, గుచ్చుతారు. అందులో తప్పేమీ లేదు, ఆ మాట పైకి చెబితే చాలు.

తర్వాత ఒక చిన్న పెట్టె తీశాడు. అందులో బంగారు రంగు ముత్యం, 14 మిల్లీమీటర్ల వెడల్పు, కింద చిన్న తోక. "సౌత్ సీ బరోక్ మేడం, గోల్డెన్." నమ్మకం కోసమని బ్లేడుతో దాన్ని గీకాడు, తెల్లటి పొడి రాలింది. బొటనవేలితో రుద్దాడు, మళ్లీ మెరిసింది. లైటర్ వెలిగించి మంటలో తిప్పాడు, ఏమీ కాలేదు. మేమిద్దరం నోరు తెరుచుకుని చూశాం. నా బ్యాగులో 450 పెట్టి కొన్న పది రెట్ల భూతద్దం ఉంది. తీయబోతే "ఏంటి మేడం, నమ్మకం లేదా?" అన్నాడు. నాకు మొహమాటం వచ్చి లోపల పెట్టేశాను. ఆ మొహమాటం ఖరీదే 7,200.

రాత్రి లాడ్జి ట్యూబ్‌లైట్ కింద ఎంత చూసినా ఏమీ తేలలేదు. పొద్దున టెర్రస్ మీద నీళ్ల ట్యాంకుల మధ్య ఎండలో తెల్ల రుమాలు పరిచి చూశాను. చిల్లు అంచు చుట్టూ రంగు ముదురుగా, హల్వా అంచు మాడినట్టు ఉంది. తోక దగ్గర చిన్న గుంటల్లో కూడా అదే ముదురు చార. పుట్టుకతో వచ్చిన రంగు అలా గుంటల్లో పేరుకోదు, అద్దిన రంగే పేరుకుంటుంది. "నాకు నిన్ననే అనిపించింది" అంది వదిన. నిన్న ఒక్క మాట అనలేదు.

చార్మినార్ దగ్గర నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తిన్నాక ఆమె కాస్త చల్లబడింది. అక్కడున్న ఒకాయన, పక్క గల్లీలో మేడ మీద ముత్యాలు గుచ్చే చాచా ఉన్నాడని చెప్పాడు. మెట్లు ఇరుకు, బోర్డు లేదు. కిటికీ పక్కన చాప, దాని మీద తెల్ల గుడ్డ, చిన్న త్రాసు. చాచా నా ముత్యాన్ని లైట్ కిందికి తీసుకెళ్లలేదు, కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. చిల్లులోకి చూసి నవ్వాడు. "గిది ముత్యమే బేటీ, సౌత్ సీ కాదు. చైనా మాల్. రంగు ఏసిండ్రు. లైటర్ పెడితే ప్లాస్టిక్ దొరుకుతది, ముత్యం ఏ నీళ్లదో ఎట్ల దొరుకుతది?"

నాకు మొత్తం అర్థమైంది అప్పుడే. గీకడం, కాల్చడం, పళ్లకి రుద్ది గరుకు చూడడం, ఇవన్నీ అది ముత్యమా కాదా అనే చెబుతాయి. ఏ ముత్యమో చెప్పవు, ధర తేలేదేమో ఏ ముత్యం అన్నదాన్ని బట్టే.

లోపల గుండ్రటి పూస పెట్టి పెంచేటప్పుడు ముత్యపు పొర పూసని దాటి సాగితే అలా తోక వస్తుందట. ఫైర్‌బాల్ అంటారు. మంచినీటివి తెలుపు, గులాబీ, పీచ్, లావెండర్ రంగుల్లో సహజంగానే వస్తాయి. ముదురు బంగారం, నలుపు కనిపిస్తే మాత్రం రంగు వేశారా అని అడగాలి. చాచా ఇంకో పెద్ద ముత్యం నా అరచేతిలో పెట్టాడు, దూదిలా తేలిగ్గా ఉంది. 15 మిల్లీమీటర్ల గుండ్రటి గట్టి ముత్యం దాదాపు 4.8 గ్రాములు తూగాలి, ఇది దానికంటే పెద్దదై ఉండి కూడా రెండు గ్రాములు దాటలేదు. లోపల బోలు. చెవులకి బరువుండదు కాబట్టి లోలాకులకి బాగుంటుంది కానీ తీగ గట్టిగా బిగిస్తే పగులుతుంది.

అక్కడే గంటన్నర కూర్చున్నాం. వదినకి ఆకలి, అయినా నోరెత్తలేదు, ఆమె కూడా ఏరడం మొదలుపెట్టింది. నేను వంకర ముత్యాన్ని ముందు మెరుపు చూసి తీసుకుంటాను. కిటికీ చట్రం ప్రతిబింబం దాని మీద స్పష్టంగా కనిపించాలి. పాలలా మసకగా ఉంటే ఎంత వింత ఆకారమైనా పక్కన పెట్టేస్తాను. తర్వాత చిల్లు ఎటు ఉందో చూస్తాను. అందమైన ముత్యానికి అడ్డంగా చిల్లు వేసి ఉంటే లాకెట్‌లో తలకిందులుగా వేలాడుతుంది. నా 24 గేజి తీగ అర మిల్లీమీటరు, అది దూరకపోతే చేయగలిగిందేమీ లేదు. జత దొరికితే మాత్రం బేరం ఆడను. వంకర ముత్యాల్లో అన్నదమ్ముల్లాంటి రెండు దొరకడమే అరుదు.

దండ ధరని మొత్తం గింజలతో భాగించి చవకని మురిసిపోవద్దు. 1,400కి 32 గింజల దండ తీసుకున్నాను. అందులో ముందు పెట్టదగ్గవి తొమ్మిదే. అంటే నా లెక్కలో ఒక్కోటి 155. మిగతావి మధ్యలో కలుపుకోవడానికి. ఫైర్‌బాల్ దండ 18 గింజలు 3,800, ఒక్కోటి 211 పడింది. నా 7,200 ముత్యానికి అక్కాచెల్లెళ్లే అవి, రంగు మాత్రం వేయలేదు. చివర్లో చిల్లరగా పడేసిన డబ్బాలో లావెండర్ రంగు ముత్యం కనిపించింది, తల వెనక్కి తిప్పిన బాతులా. చాచా 350 అన్నాడు. వదిన నాకంటే ముందు డబ్బులిచ్చేసింది.

పెద్ద షాపుకి తిరిగి వెళ్తే "ల్యాబ్ రిపోర్టు తెండి" అన్నారు. మేమూ పట్టు పట్టాం. ల్యాబ్‌లో 1,200 కట్టాను, వదిన ఉండిపోయి మూడో రోజు రిపోర్టు తెచ్చింది. మంచినీటి ముత్యాల్లో మాంగనీస్ ఎక్కువ ఉంటుంది కాబట్టి ఎక్స్‌రే కింద వెలుగుతాయట, ఇదీ వెలిగింది. మంచినీటిది, లోపల పూస పెట్టి పెంచినది, రంగు వేసినది అని రాసిచ్చారు. షాపువాళ్లు రిపోర్టు చదివి, బిల్లు చూడమన్నారు. బిల్లులో "పెర్ల్ - 1" అని మాత్రమే ఉంది. సౌత్ సీ అన్న మాట ఎక్కడా లేదు. మీరు కొంటే ఏ నీటిదో, రంగు వేశారో లేదో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి, చాయ్ ఇచ్చినా సరే.

డబ్బు వాపసు లేదు, ముప్పై శాతం కోసి 5,040కి వేరే సరుకు తీసుకోమన్నారు. వదిన ఫోన్లో అడిగితే బియ్యపు గింజ ముత్యాల దండలు తీసుకోమన్నాను. అవింకా కవర్లోనే ఉన్నాయి. లాడ్జివాళ్లు అడ్వాన్స్‌లో 200 టవల్ మరక అని కోసుకున్నారు. బాతు ముత్యానికి తీగ చుట్టి ఇవ్వమని వదిన రోజూ ఫోన్ చేస్తోంది, దాని చిల్లు తోకలో ఉంది, మెడలో వేస్తే బాతు నీళ్లలోకి మునిగినట్టు వేలాడుతుంది.