టచ్ కియోస్క్, లాక్ చేసిన విండోస్: వాడగా తెలిసిన సంగతులు

వైజాగ్ బీచ్ రోడ్డులో మా ఫుడ్ కోర్టు. ఆర్డర్లు తీసుకోడానికి నిలువు టచ్ స్క్రీన్ కియోస్కులు పెట్టి చాలాకాలమైంది, వాటి బాగోగులు నావే. లోపల ఉన్నది, ఇలాంటి మెషీన్ల కోసం చేసి ఎక్కువకాలం సపోర్ట్ ఇచ్చే రకం, విండోస్ 10 ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021. మామూలు విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ అయిపోయింది గానీ దీనికి 2032 జనవరి దాకా ఉంది, కాబట్టి పాతదని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. లాక్ చేసిన పద్ధతి నాకు బాగా నచ్చింది. నచ్చనిదల్లా స్క్రీన్‌తో పాటు ఇచ్చిన డ్రైవరే (టచ్‌ని విండోస్‌కి అందించే సాఫ్ట్‌వేర్).

ఆన్ చేయగానే డెస్క్‌టాప్ రాదు, నేరుగా మా ఆర్డర్ యాప్ వస్తుంది. దానికి తోడు యూనిఫైడ్ రైట్ ఫిల్టర్ అని ఒకటుంది. డిస్కు మీద పడాల్సిన మార్పులన్నిటినీ ర్యామ్‌లో పెట్టుకుని రీస్టార్ట్ కాగానే చెరిపేస్తుంది, అందుకే గాలివానకు కరెంటు టపీమని పోయినా విండోస్ చెక్కుచెదరదు. తిరకాసూ అక్కడే ఉంది. సర్వీసు కుర్రాడు వస్తాడు, డ్రైవర్ వేస్తాడు, టచ్ పనిచేస్తుంది, "అయిపోయింది సార్" అని టీ తాగి వెళ్లిపోతాడు, పొద్దున ఆన్ చేస్తే టచ్ మళ్లీ ఉండదు! ఎందుకంటే అతను వేసిన డ్రైవర్ కూడా రాత్రి చెరిగిపోయింది.

సరైన వరస ఇది: యూఎస్‌బీ కీబోర్డ్ పెట్టండి, కీబోర్డ్ ఫిల్టర్ (కొన్ని కీలు పనిచేయకుండా ఆపేది) ఆన్‌లో ఉంటే ఎడమవైపు విండోస్ కీ ఐదుసార్లు నొక్కండి (సెట్టింగ్ మార్చకపోతే అదే దారి), లాగిన్ స్క్రీన్ వస్తుంది. అడ్మిన్‌గా వెళ్లి కమాండ్ ప్రాంప్ట్‌లో యూడబ్ల్యూఎఫ్ఎంజీఆర్ ఫిల్టర్ డిసేబుల్ (uwfmgr filter disable) అని కొట్టి రీస్టార్ట్ చేయండి. అప్పుడు డ్రైవర్ పని చూసుకుని, ఆ రైట్ ఫిల్టర్‌ని మళ్లీ ఎనేబుల్ చేసి మళ్లీ రీస్టార్ట్. ఆ అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం కొన్న రోజే రాయించుకోండి, మాకు అమ్మినవాళ్లు దాన్ని ఇవ్వడానికి పెట్టిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఇక డ్రైవర్. వాళ్లిచ్చింది టచ్‌ని మౌస్‌లా చూపించే రకం. స్క్రీన్‌ని నిలువుగా తిప్పితే బొమ్మ తిరిగేది గానీ టచ్ తిరిగేది కాదు, ఇడ్లీ నొక్కితే పెసరట్టు బిల్లు పడేది. చివరికి దాన్ని డివైస్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేసి (డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా తీసేయమనే టిక్ పెట్టాలి, లేకపోతే అదే మళ్లీ దిగుతుంది) విండోస్‌లో ఉన్న హెచ్‌ఐడీ టచ్ డ్రైవర్‌కే వదిలేశాను. అంతే, కుదురుకుంది. కొత్తగా కొనేవాళ్లు సొంత డ్రైవర్ అడగని ప్యానెలే అడగండి, పది రూపాయలు ఎక్కువైనా సరే. రెండో స్క్రీన్ తగిలించినప్పుడు టచ్ దానిమీదికి పోతే కంట్రోల్ ప్యానెల్‌లో టాబ్లెట్ పీసీ సెట్టింగ్స్, సెటప్, అక్కడ ఏ స్క్రీన్‌ని ముట్టుకోమంటే దాన్ని ముట్టుకోవడమే.

డ్రైవర్ మీదికి నెట్టేసిన గొడవల్లో సగం అసలు డ్రైవర్‌వి కావు. మధ్యాహ్నం ఎవరూ ముట్టుకోక కాసేపుంటే టచ్ చచ్చిపోయేది, అది యూఎస్‌బీకి కరెంటు ఆపేసే పొదుపు సెట్టింగ్. పవర్ ఆప్షన్స్‌లో సెలెక్టివ్ సస్పెండ్, డివైస్ మేనేజర్‌లో రూట్ హబ్‌కి ఉన్న పవర్ టిక్, రెండూ తీసేశాక మళ్లీ రాలేదు. ఎవరూ లేకుండానే బటన్లు నొక్కుకునే ఒక మెషీన్‌కి దయ్యం పట్టిందని పిల్లలు నవ్వుకునేవాళ్లు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ సరిచేయించగానే దయ్యం దిగింది. కెపాసిటివ్ (వేలు తగిలితే కరెంటులో వచ్చే తేడాని పట్టే) టచ్‌కి ఎర్తింగ్ సరిగా లేకపోతే ఇలాంటి వేషాలు మామూలే. ఉప్పుగాలికి యూఎస్‌బీ కనెక్టర్లు పచ్చగా చిలుము పడతాయి, అది కూడా చూసుకోవాలి.

బయట సముద్రం వైపున్న ఒక్కదానికీ ఇన్‌ఫ్రారెడ్ ఫ్రేమ్ (కంటికి కనపడని కిరణాలకి వేలు అడ్డొస్తే టచ్‌గా పట్టే చట్రం) పెట్టించాం. మనకి సూర్యుడు సముద్రం మీంచే వస్తాడు కదా, ఆ ఎండ నేరుగా సెన్సర్ల మీద పడి పొద్దున టిఫిన్ల వేళకి టచ్ అందేది కాదు. రేకు పందిరి వేయించాక తగ్గింది. వానాకాలంలో దీపపు పురుగులు ఫ్రేమ్ మీద వాలి ఆర్డర్లు పెట్టేస్తున్నాయి, దానికింకా దారి దొరకలేదు, చీకటి పడ్డాక ఆ ఒక్కదాన్నీ ఆపేస్తున్నాం.