క్రషర్ దగ్గరి 11 కేవీ లైను ఇన్సులేటర్లు పింగాణీయా, గ్లాసా, పాలిమరా: ఏది మేలు?

హన్మకొండ దాటినంక కరీంనగర్ రోడ్డు పక్క ఒక క్రషర్‌ల ఎలక్ట్రీషియన్‌గ చేస్తున్న, మా డీపీ (రెండు పోళ్లు కలిపి కట్టిన స్టాండు) మీద మూడు రకాల ఇన్సులేటర్లూ, అంటే తీగను మోసుకుంట కరెంటు పోలుకు పారకుంట ఆపేటివి, చూసిన కాబట్టి చెప్తున్న. దుమ్ము పొడిగ ఉన్నన్ని రోజులు పెద్దగ ఏం కాదు, జోరువాన కొట్టినా కడుక్కపోతది. గండమంతా చలికాలం తెల్లారకముందు పడే మంచుతోని, సన్న ముసురుతోని. దుమ్ము తడిసి అండ్లున్న ఉప్పులు కరిగితే ఇన్సులేటర్ మీదికెల్లి కొంచెం కొంచెం కరెంటు పారుతది, ఆ వేడికి ఇన్సులేటర్‌ను నిలబెట్టే ఇనుప పిన్ను దగ్గర సన్నటి పట్టీ ఎండిపోతది, వోల్టేజ్ అంతా ఆ పట్టీ మీదనే పడి నీలంగ నిప్పు దుంకుతది, అది పాక్కుంట పైన తీగ దాక పోయిందంటే ఫట్‌మని ఫ్లాష్‌ఓవర్, అంటే కరెంటు ఇన్సులేటర్ మీదికెల్లి పిన్నుకు దుంకుడు.

పోయిన చలికాలం మాకు మూడు రోజులు వరుసగ పొద్దుగాల 5 గంటలకు ట్రిప్పే. 9 దాటి ఎండ వచ్చినంక లైనుకు కరెంటు ఇస్తే మంచిగ నిలబడేది, అందుకే మేం మోటార్లల్ల, కేబుళ్లల్ల వెతుక్కుంట కూసున్నం. నాలుగో రోజు ఎల్సీ (లైను బంద్ చేయించి పని చేసుకునే పర్మిషన్) తీసుకొని, ఎర్తింగ్ చేసి ఎక్కితే నడిమి ఫేజ్ పింగాణీ పైన కడిగినట్టే ఉన్నది, కింది అంచుల్ల మాత్రం దుమ్ము అట్ట కట్టింది, దాని మీదికెల్లి పిన్ను దాక నల్లటి కాలిన గీత. వాన నీళ్లు అక్కడికి పోవు కదా!

పింగాణీ అగ్గువ, దుమ్ము లేని చోట ఏండ్లకేండ్లు ఉంటది, పొలాల మీదికెల్లి పోయే లైనుకు అదే చాలు. కాకపోతే వెంట్రుకవాసి పగులు వస్తే కిందికెల్లి కనపడదు. గ్లాసు డిస్క్ ఖరాబైతే పెంకు మొత్తం పగిలి రాలుతది, కింద నిలబడే పట్టుకోవచ్చు, టవర్ లైన్లకు అది మస్తు మేలు. కానీ దుమ్ముకు పింగాణీ ఎంతనో ఇదీ అంతే, పైంగ మా దగ్గర రాళ్లు ఎగురుతయి.

క్రషర్, బొగ్గు, సిమెంట్ దుమ్ము ఉన్న చోట మాత్రం నా ఓటు సిలికాన్ పాలిమర్‌కే. నీళ్లు తామరాకు మీద లెక్క బొట్లు బొట్లుగ నిలబడతయి, సిలికాన్‌ల ఉన్న నూనె గుణం పైన పడ్డ దుమ్ముకు గూడ ఎక్కుతది, అందుకే తడి ఒక్క పొరగ పరుచుకోదు. బరువు గూడ తక్కువ. లోపలి ఫైబర్ రాడ్ చెడితే బయటికి తెల్వదు, అదొక్కటే నాకు భయం, బిగించేటప్పుడు వంచొద్దు, రబ్బరు గీసుకపోనియ్యొద్దు.

కొనేటప్పుడు 11 కేవీ అని అడిగితే సరిపోదు, క్రీపేజ్, అంటే ఇన్సులేటర్ పైపొర వెంబడి తీగ దిక్కు నుంచి పోలు దిక్కు ఇనుము దాక కొలిచే దూరం, ఎంతో అడగాలె. 11 కేవీ లైను ఎక్కువల ఎక్కువ 12 దాక పోవచ్చని లెక్క 12 కేవీకి కడతరు, దుమ్ము ఎక్కువుంటే కేవీకి 25 మి.మీ. చొప్పున 300, మరీ ఎక్కువుంటే 31 చొప్పున 372 మి.మీ. మొదట మాకు ఒక దుకాణంల పొట్టి క్రీపేజ్‌వి అంటగట్టిండ్రు, అవి పాలిమర్‌వే అయినా ముసురుకు సుయ్‌మని మోగినయి. ఇప్పుడు డీపీకి 372వి ఎక్కించినం, మిగిలిన రెండు పోళ్లకు చలి మొదలుగాక ముందే మారుస్తం, అప్పటిదాక నెలకోసారి ఎల్సీ తీసుకొని తడిగుడ్డతోని తుడుస్తున్నం, కింది అంచులతో సహా.